సాలింజర్ నవలలో హోల్డెన్‌ది బాధా, బద్ధకమా?

సాగరతీరం: మా వైజాగ్ మిత్రులం ఈ నెల ‘ద క్యాచర్ ఇన్ ద రై’ చదివాం. 1951లో వచ్చిన నవల. పదహారేళ్ల హోల్డెన్‌ని బోర్డింగ్ స్కూల్లోంచి తీసేస్తారు. సెలవులిచ్చే బుధవారం దాకా ఉండాల్సినవాడు శనివారం రాత్రే బయటపడి, ఇంటికి పోకుండా న్యూయార్క్‌లో తిరుగుతాడు. మాలో సగం మందికి ప్రాణం, సగం మందికి చిరాకు. ఇంటర్ పిల్లల చేత చదివించవచ్చా?

పాతకాపు: వద్దు. అయిదు సబ్జెక్టుల్లో నాలుగు తప్పాడు. చదవలేక కాదు, చదవక. నాన్న లాయరు, జేబునిండా డబ్బు, హోటల్ గది, టాక్సీలు. ఎవర్ని చూసినా బూటకమంటాడు. తను మాత్రం రైల్లో క్లాస్‌మేట్ తల్లికి నోరు తెరిస్తే అబద్ధాలే చెప్పాడు. ఇలాంటివాణ్ణా పిల్లలకి చూపించడం?

రుషికొండ అల: ఆ టాక్సీలోనే, చెరువు గడ్డకడితే బాతులెక్కడికి పోతాయని అడుగుతాడు. నాకక్కడే నచ్చేశాడు.

మధురవాడ అమ్మ: పాతకాపు గారూ, తమ్ముడి సంగతి వదిలేశారేం? అల్లీ పదకొండేళ్లకే లుకీమియాతో పోయాడు. ఆ రాత్రి పదమూడేళ్ల హోల్డెన్ గ్యారేజీలో పడుకుని, పిడికిలితో కిటికీ అద్దాలన్నీ పగలగొట్టాడు. ఇప్పటికీ వాన పడితే ఆ చెయ్యి నొప్పి, పిడికిలి గట్టిగా బిగుసుకోదు. తమ్ముడి బేస్‌బాల్ గ్లవ్ సూట్‌కేసులో పెట్టుకుని తిరుగుతాడు. దాని వేళ్ల మీద, లోపలా ఆకుపచ్చ సిరాతో కవితలు. ఆటలో ఖాళీ దొరికితే చదువుకోడానికి అల్లీ రాసుకున్నవి. ఇదా బద్ధకం?

పాతకాపు: తమ్ముడు పోయి మూడేళ్లయింది. నాలుగు సబ్జెక్టులు తప్పాడా లేదా? ముందు అది చెప్పండి.

గాజువాక కుర్రాడు: తిట్లు మాత్రం చాలా ఎక్కువున్నాయి అందులో.

మధురవాడ అమ్మ: తప్పాడు. ఇంగ్లిష్ ఒక్కటే గట్టెక్కింది. మా అబ్బాయీ తప్పాడు. ఫస్టియర్‌లో హాస్టల్ నుంచి చెప్పకుండా వచ్చేశాడు. కాంప్లెక్స్‌లో బస్సు దిగి ఇంటికి రాలేదు. ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ దగ్గర గోడ మీద తెల్లారేదాకా కూర్చున్నాడు. పాలప్యాకెట్లు వచ్చే వేళకి తలుపు కొట్టాడు. నేనడిగిన మొదటి మాట, ‘ఫీజు వెనక్కిస్తారా?’ అని. అప్పటికి వాళ్ల తాతయ్య పోయి రెండు నెలలు. వాణ్ణి పెంచింది ఆయనే. పరీక్షలున్నాయని మేం కర్మకి కూడా పిలవలేదు.

పాతకాపు: వింటుంటే బాధగానే ఉందమ్మా. కానీ దాన్నీ నవలనీ ముడిపెట్టకండి.

మధురవాడ అమ్మ: ముడిపెట్టకుండా ఎలా? ఫెయిలన్న మాట తప్ప మీ కంటికింకేం ఆనదు. మీలాంటి పెద్దల వల్లే పిల్లలు నోరు విప్పరు.

పాతకాపు: నోరు విప్పడమా! నాకు పదహారో ఏట నాన్న పోయారు. దినాలైన మర్నాడే పూర్ణామార్కెట్‌లో బెల్లం కొట్లో కూర్చోబెట్టారు. అనకాపల్లి దిమ్మలు కాటాకెత్తడం చేతకాక తిట్లు తిన్నాను. చదువు అక్కడితో సరి. ఎలా ఉన్నావురా అని ఒక్క మనిషి అడగలేదు. నేనే అద్దమూ పగలగొట్టలేదు, పగలగొడితే డబ్బు కట్టేదెవరు? వీడి గోడు మాత్రం పుస్తకం పొడుగునా వినాలా?

సాగరతీరం: ఇద్దరూ కాస్త శాంతించండి.

మధురవాడ అమ్మ: ఆ రోజు మిమ్మల్నీ ఎవరో ఒకరు అడగాల్సింది సార్. అరిచినందుకు క్షమించండి. కానీ మీరు ఓర్చుకున్నారు కాబట్టి మావాడూ ఓర్చుకోవాలంటే ఒప్పుకోను.

పాతకాపు: ఓర్పు వల్ల ఒరిగిందేం లేదంటే నేనూ ఒప్పుకోను. మా అమ్మకీ ఇద్దరు చెల్లెళ్లకీ తిండి పెట్టింది అదే.

పాతకాపు: ఆ గ్లవ్ సంగతి ఎక్కడుంది? నేను గబగబా తిప్పేసినట్టున్నాను.

మధురవాడ అమ్మ: అయిదో అధ్యాయంలో సార్. అద్దాల సంగతి కూడా అక్కడే.

పాతకాపు: సరే. కొట్టు కట్టేశాక చూస్తాను.