ఈ వారం సమస్య: "మంట లార్పిన పిమ్మట మాంస ముడికె"

నిర్వాహకుడు: ఒడిశాలోని గోపాలపురం కడలి ఒడ్డున పగలంతా బార్బెక్యూ, పొద్దువాలాక పాటకచేరీ. ఈ వేసవి సరదా మీదే ఈసారి పాదం. ఇది నాలుగో పాదంగా పద్యం పూరించాలి. ఎప్పటిలాగే కలంపేర్లన్నీ మన ఏళ్ల పేర్లే. 'బార్బెక్యూ'ను తెలుగు చేయబోయి 'కాల్పుల విందు' అనకండి, పోలీసులొస్తారు. బరంపురం నుంచి జయపురం దాకా అందరూ రావచ్చు.

ఋషికుల్య:
తుమ్మ మొద్దులు కాలిన తోడ బొగ్గు
పైన బూడిద పూయగ పఱచి చువ్వ
గ్రుచ్చి తిప్పుచు నూనెను గుమ్మరింప
మంట లార్పిన పిమ్మట మాంస ముడికె

నాగావళి: మొదటి రెండు పాదాలకు దండం. బొగ్గు మీద తెల్లబూడిద పొర కట్టాకే చువ్వ పెట్టాలి. జానెడెత్తున అరచెయ్యి పెట్టి నాలుగైదు అంకెలు లెక్కపెట్టగలిగితే సెగ సరిపోయినట్టు. రెండంకెలకే చెయ్యి లాక్కుంటే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ఇంత తెలిసినవారు మూడో పాదంలో నూనె 'గుమ్మరించడం' ఏమిటండీ? బొట్టు నిప్పులో పడగానే మంట లేస్తుంది. నాలుగో పాదంలో ఆర్పిన మంటను మూడో పాదంలోనే రాజేశారు! మునుపు ఒడియావారి రొజొ పండుగ సమస్యలో పోడొపిఠా అనే పిండిరొట్టెను నిలువు మంట మీద పెట్టిన చెయ్యే కదా ఇది.

ఋషికుల్య: పోడొపిఠా సంగతి ఎన్నాళ్లు మోస్తారు? ఆకులో చుట్టి, కిందా పైనా నిప్పు పెట్టి రాత్రంతా వదిలేస్తారని అప్పుడే ఒప్పుకున్నాను. సవరణ: "గ్రుచ్చి తిప్పుచు నూనెను గుడ్డ నద్ద".

నాగావళి: కర్రకు కట్టిన గుడ్డతో అద్దడం, బాగుంది. అయినా ఒక చిక్కు మిగిలింది. చువ్వ మీద మాంసం కాలుతుంది, ఉడకదు. పాదంలో ఉన్నది 'ఉడికె'. నా పూరణ:

పచ్చి వెదురున ముక్కలు పసుపు కార
ముప్పు దట్టించి యాకుతో మూతి మూసి
బొగ్గులను బెట్టి దొర్లింప బొంగునందు
మంట లార్పిన పిమ్మట మాంస ముడికె

వంశధార: 'ఉడికె'కు న్యాయం చేసింది ఇదొక్కటే. ముక్క తన నీటిలో తానే ఉడుకుతుంది, చుక్క నీరు పొయ్యక్కర్లేదు. అడుగు కణుపు ఉంచి పై కణుపు కొట్టెయ్యాలి. రెండూ ఉంచితే ఆవిరికి దారిలేక బొంగు పేలుతుంది. ఎండు వెదురైతే మాంసం కన్నా ముందు అదే కాలిపోతుంది. 'దట్టించి' మాత్రం నాకు నచ్చలేదు. పైన నాలుగు వేళ్ల ఖాళీ వదలకపోతే రసం పొంగి నిప్పులో పడుతుంది. ఇక పాట ఊసే ఎవరూ ఎత్తలేదు కనుక:

చెమ్మకును డప్పు సద్దణగె, చిచ్చు కడను
తోలు బిగియగ గాచిరి దూరముంచి;
పాట పాటకు నడుమను, బయట పొయ్యి
మంట లార్పిన పిమ్మట మాంస ముడికె

ఋషికుల్య: 'సద్దణగె' దగ్గర ఒక లఘువు ఎక్కువైంది. డప్పు కన్నా ముందు గణం సాగింది! 'సద్దాగె' అంటే పోతుంది.

వంశధార: పోయింది. దిద్దుకున్నాను.

నాగావళి: ఒడ్డున ఉప్పుగాలికి తోలు మెత్తబడి మోత బొంగురుపోతుంది. 'దూరముంచి' అన్నది ఈ పద్యానికి ప్రాణం. నిప్పుకు ఆనించి ఒకేచోట పట్టుకుంటే తోలు చిట్లుతుంది. తిప్పుతూ, వేలితో మీటి చూస్తూ కాచాలి. ఇన్నాళ్లకు వంశధార గారు క్రమాలంకారం (వరుసగా ప్రశ్నలు, అదే వరుసలో జవాబులు) లేకుండా ఒక పూరణ చేశారు, అందుకు వేరే అభినందనలు. ఒక్క మాట: 'బయట పొయ్యి' ఎటువైపు? మధ్యాహ్నం గాలి కడలి మీంచి ఊరివైపు కొడుతుంది. పొయ్యిలు వేదికకు ఊరివైపు ఉండాలి. నీటివైపు పెడితే గాయకుడి గొంతులోకే పొగ.

మహేంద్రతనయ: అందరూ నిప్పు చుట్టూ తిరుగుతున్నారు గానీ పాదంలో ఉన్నది 'ఆరిన' కాదు, 'ఆర్పిన'. మీ ముగ్గురి పద్యాల్లో మంట దానంతట అదే ఆరింది. ఆర్పిందెవరు? నీళ్లు చల్లితే బొగ్గు చచ్చి, బూడిద లేచి ముక్కలకు అంటుకుంటుంది.

గుంతలో రాళ్లు కాలగ కొఱవి లాగి
ఆకు చుట్టిన ముద్దల నందు పెట్టి
మన్ను గప్పిరి, గానాన మనసు మునుగ
మంట లార్పిన పిమ్మట మాంస ముడికె

వంశధార: ఆహా! కొరవి లాగి, మన్ను కప్పి ఆర్పారు. ఉడికించింది రాయి.

ఋషికుల్య: 'ఆర్పిన' అన్న ఒక్క మాటకు గుంత తవ్వారు, ఒప్పుకోవాల్సిందే. మన్నులోంచి ఎక్కడ ఆవిరి లేచినా అక్కడ ఇంకో పిడికెడు మన్ను వెయ్యాలి, లేకపోతే వేడి అటే పోతుంది. ఆకు కూడా తడిపి రెండు పొరలు చుట్టాలి, ఒక్కపొరకు మట్టి దిగుతుంది.

నాగావళి: రాళ్లు ఎక్కడివో చెప్పలేదు. ఏటిలోంచి అప్పుడే తీసిన రాళ్లయితే లోపలి నీరు ఆవిరై పగిలి ముక్కలు ఎగురుతాయి. పొడి నేల మీది గట్టి రాళ్లే వాడాలి.

మహేంద్రతనయ: పద్యంలో ఏరు లేదు కదండీ.

నాగావళి: పద్యంలో లేదు, మీ పేరులో ఉంది. అందుకే అడిగాను.

నిర్వాహకుడు: మహేంద్రతనయ ఒడ్డునున్న పర్లాకిమిడి వారిని ఏటి రాళ్ల గురించి అడిగితే తెల్లవారుతుంది. ఈ వారం గుంతకే మొదటి మార్కు. బొంగు రెండోది, 'దట్టించి' దిద్దితే మళ్లీ చూద్దాం.