సమస్య: "నోరులేనివాడు నూరు చదివె"

బడిపిల్లలకు పద్యపఠనం నేర్పుతున్న నేను ఈ వారం సమస్యను వారి తరగతిలోనే మొదట వినిపించాను. ఆటవెలది అనే ఛందస్సు నాలుగవ పాదంలో అయిదూ సూర్యగణాలే (మూడేసి మాత్రల చిన్న అక్షరగుంపులే) కాబట్టి, "విశ్వదాభిరామ వినురవేమ" అంటూ చప్పట్లు కొట్టడం తెలిసిన పిల్లలు, గణాల పేర్లు ఎరుగకపోయినా, అదే దరువు మీద ఈ పాదాన్నీ తడబడకుండా పలికారు. నోరే లేనివాడు నూరు పద్యాలు ఎలా చదివాడో ముందు మూడు పాదాలు కూర్చి మీరు తేల్చాలి.

పూరణ 1 (ఒక ఉపాధ్యాయిని)

పలుకుమనిన బెదరి పలుకని బాలుడు
గురువు చెంత జేరి కుదురుగాను
శతక పద్యములను సాధన చేయగా
నోరులేనివాడు నూరు చదివె

విమర్శ: నెమ్మదస్థుణ్ణి నోరులేనివాడనే నుడికారాన్ని పట్టుకోవడంతో చిక్కు సునాయాసంగా వీడింది. "కుదురుగాను"లో చివరి "ను" మాత్రం పాదం నింపడానికి వచ్చింది. మా తరగతిలోనూ ఇలాంటివాడు ఒకడున్నాడు. మొదటి నెలంతా గోడవైపు తిరిగితే తప్ప పద్యం చదవలేదు. శతకాలలో తరచు 108 పద్యాలుంటాయి కనుక మీ బాలుడు ఎనిమిది ఎగ్గొట్టాడని మా పిల్లల ఫిర్యాదు.

పూరణ 2 (విశ్రాంత పోస్టుమాస్టరు గారు)

బడిని ఫోను పెట్టి పద్యాలు వినిపింప
బాలలెల్ల వినిరి పరవశించి
చిన్న పెట్టెలోని చిత్రమేమందును
నోరులేనివాడు నూరు చదివె

విమర్శ: అయ్యా, నడక బాగుంది, యతులు (పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరంతో పొంతన) చెల్లాయి. అయితే ఫోను "వాడు" కాదు; అమహద్వాచకానికి (పురుషులను కాక ఇతరాలను చెప్పే మాటకు) "నోరులేనిది" అనవలసి వస్తుంది. మూడవ పాదాన్ని "ఫోనులోన దాగె పుణ్యాత్ముడొక్కడు" అని మారిస్తే కర్త దొరుకుతాడు. ఫోను విని నేర్చిన పిల్లలు ఆ గొంతులోని దగ్గును కూడా అనుకరిస్తారన్నది వేరే సంగతి.

పూరణ 3 (తొమ్మిదవ తరగతి విద్యార్థిని)

వేదికెక్కి నేడు వేమన వేషాన
పెదవి విప్పకుండ చేతులెత్తి
సైగలోనె పలికి శతక పద్యములన్ని
నోరులేనివాడు నూరు చదివె

విమర్శ: అమ్మాయీ, ఈ ఊహ మా ఎవరికీ తట్టలేదు. రెండవ పాదంలో "పె"కు "చే"తో యతి చెల్లదు. "పిడికిలెత్తి" అంటే "పె–పి" మైత్రి కుదురుతుంది. మూడవ పాదంలో "సై–శ" యతిని సాధించినందుకు నా అభినందనలు, ఎందుకంటే ఐకారానికి అకారంతో మైత్రి ఉందన్నది పెద్దవాళ్లు కూడా మరిచిపోతుంటారు. చదివేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం: గణం "శతకప" దగ్గర ముగిసినా నోరు అక్కడ ఆగకూడదు, ఆగితే పద్యం రెండు ముక్కలై వినేవారికి "ద్యములన్ని" అనే అర్థంలేని మాట మిగులుతుంది.

విద్యార్థిని: మాస్టారూ, "పిడికిలెత్తి" అన్నప్పుడు నేను నిజంగానే పిడికిలి ఎత్తాలా?

జవాబు: వద్దమ్మా. మాటతోపాటే చెయ్యి లేస్తే మాట చిన్నబోతుంది. "పెదవి విప్పకుండ" దగ్గర ఒక్క క్షణం ఆగి, పెదవులు బిగించి, ఆ తరువాత "పిడికిలెత్తి" అను. తెలుగులో యతి అంటే విరామం కాదు, అక్షరమైత్రి. నీ పాదంలో అదృష్టవశాత్తూ రెండూ ఒకే చోట పడ్డాయి. సోమవారం తరగతిలో నీ పద్యంతోనే మొదలుపెడదాం.