అప్పుడప్పుడు వచ్చే స్వచ్ఛంద సేవకులతో నిలకడైన పని సాగేదెలా?

పిల్లలకు సాయంత్రం చదువు చెప్పే ఒక చిన్న సేవాసంస్థలో స్వచ్ఛంద సేవకులను సమకూర్చే బాధ్యత నాది. ఒకప్పుడు ఏళ్ల తరబడి ప్రతివారం వచ్చేవారు ఉండేవారు. ఇప్పుడు ఎక్కువమంది ఒక్కపూట పనికో, ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో చేయగలిగే పనికో ముందుకొస్తున్నారు. ఐక్యరాజ్యసమితే 2000లో ఆన్‌లైన్ స్వచ్ఛంద సేవకు వేదిక ఏర్పరచింది కనుక ఈ పద్ధతిని నేను తప్పుపట్టడం లేదు. అయితే భిన్నాల దగ్గర తడబడే అమ్మాయికి వారానికొక కొత్త ముఖం ఎదురైతే, తనకు ఏది అర్థం కాలేదో ప్రతిసారీ మొదటినుంచి చెప్పుకోలేక, చివరికి అడగడమే మానేస్తోంది. విరాళాలూ పుస్తకాలకైతే వస్తున్నాయి గానీ అద్దెకు రావడం లేదు. పిల్లల ఎదుట కూర్చునేవారి నుంచి కనీసం ఎన్ని నెలల హామీ అడగడం సబబో, ఒక్కపూట వచ్చేవారికి ఏ పనులు అప్పగించవచ్చో, నెలనెలా కొద్దిమొత్తం ఇచ్చే దాతలను ఎలా కూడగట్టాలో అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.