చర్చ: ఇరుగుపొరుగు చిన్న పట్టణాల బస్సులకు ఉమ్మడి మండలి కావాలా, ఒప్పందం సరిపోతుందా?

నడకదారి:
పదిహేను, ఇరవై కిలోమీటర్ల ఎడంలో నాలుగు చిన్న పట్టణాలు ఉన్నాయనుకుందాం. ప్రతి పాలకవర్గమూ తన పొలిమేర వరకే బస్సుల గురించి ఆలోచిస్తుంది. ప్రయాణికుడు మాత్రం ఒక ఊళ్లో కాపురముండి, ఇంకో ఊళ్లో ఉద్యోగం చేస్తూ, వైద్యానికి మూడో ఊరికి వెళతాడు. అందుచేత మార్గాలు, వేళలు, ఛార్జీలు నిర్ణయించే అధికారాన్ని ఒక ఉమ్మడి మండలికి అప్పగించాలన్నది నా వాదం. జర్మనీలోని హాంబర్గ్‌లో 1965లోనే వేర్వేరు రవాణా సంస్థలు కలిసి ఒక ఉమ్మడి సంఘంగా ఏర్పడ్డాయి. అది మహానగరం కదా అంటారేమో. గ్రామీణ ప్రాంతాలకే వద్దామంటే, ఫ్రాన్స్‌లో 2019 నాటి చట్టం కింద పల్లెల సముదాయాలు రవాణా బాధ్యతను తామే తీసుకుంటాయో లేదో, పొడిగించిన గడువు ప్రకారం 2021 మార్చి 31 లోగా తేల్చుకోవలసి వచ్చింది. అవి తీసుకోని చోట ఆ బాధ్యత పై అంచెలోని ప్రాంతీయ ప్రభుత్వానికి చేరింది. ఏ ఊరూ ఎవరికీ చెందని ఖాళీలో మిగలకూడదన్నదే అక్కడి ఏర్పాటు.

చిల్లరలెక్క:
నడకదారి గారూ, మీరు చెప్పిన మండలిలో ఓట్లు ఎవరికెన్ని? జనాభాను బట్టి అయితే పెద్ద పట్టణం చెప్పిందే వేదం, ఊరికొకటి అయితే ఎక్కువ డబ్బు పెట్టేవారి మాట చెల్లదు. ఖర్చు పంపకమూ అంతే. జనాభా లెక్కన పంచితే పెద్ద ఊరు మొరపెట్టుకుంటుంది. కిలోమీటర్ల లెక్కన పంచితే, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ లేని పొలాల మధ్య రోడ్డు ఎవరి హద్దులో ఎక్కువ ఉందో వారి మీద భారం పడుతుంది. అమెరికాలో యాభై వేలు దాటిన పట్టణ ప్రాంతాలకు ప్రణాళికా మండలి తప్పనిసరి అయినా, గ్రామీణ ప్రాంతాల విషయానికి వచ్చేసరికి 2012 చట్టం ఆ నిర్ణయాన్ని రాష్ట్రాల ఇష్టానికే విడిచిపెట్టింది. ఏటేటా తిరగరాసుకునే ఒప్పందం ఉంటే చాలునని నా అభిప్రాయం.

గడియారం:
ఇద్దరూ అధికారం దగ్గరే ఆగిపోయారు. ముందు నిమిషాలు లెక్కపెడదాం.

అన్ని ఊళ్ల బస్సులూ గంటగంటకూ కలుసుకునే నడిమి ఊరి కూడలి నుంచి పక్క ఊరికి గంటకొక బస్సు నడపాలనుకోండి. ప్రయాణం 27 నిమిషాలు అయితే, 7:00కు బయలుదేరిన బస్సు 7:27కు చేరి, నాలుగు నిమిషాలు ఆగి, 7:58కి కూడలికి తిరిగివచ్చి, 8:00కు మళ్లీ బయలుదేరుతుంది. ఒకే బస్సు రోజంతా ఆ మార్గాన్ని నెట్టుకొస్తుంది. ఇప్పుడు ఆ పక్క ఊరు, తన ఆసుపత్రి గుమ్మం దాకా బస్సు రావాలని పట్టుబట్టిందనుకోండి. ఆ చుట్టుతో ప్రయాణం 32 నిమిషాలు అవుతుంది. క్షణం ఆగకుండా వెనుదిరిగినా కూడలి చేరేది 8:04కే. అంటే రెండో బస్సు, రెండో డ్రైవరు కావాలి, లేదా గంట లెక్క చెడి మిగతా మూడు ఊళ్ల బస్సులు అందకుండా పోతాయి. ఒక ఊరి ఐదు నిమిషాలు నాలుగు ఊళ్లకూ బిల్లు అవుతాయన్నమాట.

స్విట్జర్లాండ్‌లో 1982 నుంచి రైళ్లు దేశమంతటా గంటగంటకూ ఒకే నిమిషానికి నడుస్తున్నాయి. కూడళ్ల మధ్య ప్రయాణం గంటకు కాస్త తక్కువగా ఉండాలని ఆ తరువాత మార్గాలనే సరిదిద్దుకున్నారు. వేగం కోసం వేగం కాదు, అవతలి బండి అందడానికి ఎంత కావాలో అంతే. చిన్న ఊళ్ల బస్సులకూ నేను ఇదే చెబుతాను. మండలి పుట్టేదాకా కాచుకోనక్కరలేదు, కూడలి వేళ ఒక్కటి ముందు కలపండి.

చిల్లరలెక్క:
గడియారం గారి లెక్కను నేను కాదనను. కానీ ఆ ఐదు నిమిషాల చుట్టు మానేస్తే, ఆసుపత్రికి రోడ్డు మీద దిగి నడవవలసినది ఎవరు? మోకాళ్ల నొప్పితో వచ్చే ముసలివారు. బస్సు మిగిలినందుకు లాభం నాలుగు ఊళ్లదీ, నడక మాత్రం ఒక్క ఊరిదీ. మిగిలిన సొమ్ములోంచి ఆ రోడ్డు నుంచి ఆసుపత్రి దాకా చిన్న బండి నడుపుతామని ముందే కాగితం మీద రాసిస్తే, మా వంటి అనుమానపు మనుషులం కూడా సంతకం పెడతాం.

నడకదారి:
రాసిచ్చిన ఆ మాటను రేపు అమలు చేయించేదెవరన్నదే నా ప్రశ్న. లండన్ మినహా బ్రిటన్ అంతటా 1986 అక్టోబరులో బస్సు సర్వీసులను ఆపరేటర్ల ఇష్టానికి వదిలాక, వారు లాభం లేదని వదిలేసిన సర్వీసులకు టెండరు పిలిచి డబ్బు కట్టడమే స్థానిక పాలకవర్గాలకు మిగిలింది. వేళలు కలిపే పని వారి చేతుల్లోంచి జారిపోయింది. అయితే ఒక మెట్టు దిగుతాను. మార్గాలూ ఛార్జీలూ ఏ ఊరివి ఆ ఊరికే ఉండనివ్వండి, మండలికి కూడలి వేళలూ, మిగిలిన బస్సు సొమ్మూ అప్పగిస్తే చాలు.

గడియారం:
దానికి ఇంకొకటి చేర్చండి. ఒక ఊరి బస్సు ఆలస్యమైతే మిగతావి కూడలిలో ఎంతసేపు ఆగాలి? పగటి ట్రిప్పులు మూడు నిమిషాలకు మించి ఆగకూడదని, రాత్రి చివరి ట్రిప్పు మాత్రం అన్ని బస్సులూ వచ్చేదాకా కదలకూడదని నా ప్రతిపాదన. ఆ మాట చెప్పే అధికారం, జీతం ఏ ఊరు ఇచ్చినా సరే, ఆ వేళకు కూడలిలో నిలబడి ఉన్న మనిషికే ఉండాలి.