గాలం మళ్ళీ పట్టాలనుంది, డాలస్‌లో ఏ రాడ్ కొనాలి?

తిరుపతి నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడు:

అన్నలకు, అక్కలకు నమస్కారం. డాలస్‌కు వచ్చి రెండు నెలలైంది. మాది రామచంద్రాపురం వైపు. చిన్నప్పుడు రాయలచెరువు కట్ట మీద వెదురు కర్ర, నైలాన్ దారం, నెమలి ఈక బెండుతో గాలం వేసినవాణ్ణి. ఇంజనీరింగ్‌లో చేరాక వదిలేశాను, పన్నెండేళ్ళయింది. ఇక్కడ మా అపార్ట్‌మెంట్ వెనకాలే చిన్న చెరువు ఉంది. సాయంత్రం పూట ఎవరో ఒకరు గట్టున గాలం వేసుకుని కూర్చుంటారు, చూస్తుంటే చెయ్యి ఊరుకోవడం లేదు. అంగడికి పోతే గోడ నిండా రాడ్లే. 15 డాలర్ల దగ్గర మొదలై 300 దాకా ఉన్నాయి, తేడా ఏందో తెలియక ఉత్త చేతులతో తిరిగొచ్చాను. మొత్తం 100 లోపల అయిపోవాలి, నాలుగేళ్ళయినా ఉండాలి. ఏది తీసుకోమంటారు?

పాకాల అన్న, ప్లేనో:

తమ్ముడూ, రాడ్ తర్వాత. ముందు లైసెన్స్. టెక్సస్‌లో 17 ఏళ్ళు నిండినవాళ్ళు పబ్లిక్ చెరువుల్లో గాలం వేయాలంటే అది ఉండాల్సిందే. నువ్వొచ్చి రెండు నెలలే అంటున్నావు. ఆరు నెలలు ఇక్కడ ఉంటేగానీ రెసిడెంట్ ధర ఇవ్వరు, ఇప్పుడైతే దాదాపు రెట్టింపు పడుతుంది. పైగా మామూలు ఏడాది లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో సరి. నేను తెలియక జూలైలో కొన్నాను, ఆరు వారాలకే చెల్లిపోయింది. స్టేట్ పార్కుల్లో గట్టు మీద నుంచి పట్టుకుంటే లైసెన్స్ అక్కర్లేదు, లోపలికి పోయేదానికి టికెట్ కొంటే చాలు. జో పూల్ లేక్ ఒడ్డున సెడార్ హిల్ స్టేట్ పార్క్ ఉంది. ఆ నాలుగు నెలలూ అక్కడ కానివ్వు. అపార్ట్‌మెంట్ చెరువు సంగతి ఆఫీసులో అడుగు, కొన్నిచోట్ల వాళ్ళే వద్దంటారు.

ఇప్పుడు రాడ్. రాయలచెరువు అన్నావు కాబట్టి చెప్తున్నా. మనకు రీల్, అదే రాడ్‌కు తగిలించి దారం చుట్టే చక్రం, తెలియదు. బెండు మునిగిందంటే రెండు చేతులతో గుంజి, చేపను తల మీదుగా వెనక్కి గట్టు మీదకు విసిరేయడమే మనకు తెలిసిన విద్య. పరిగెలకు, జిలేబి చేపలకు అది సరిపోయేది, వెదురు వంగి ఓర్చుకునేది. నేనిక్కడ కొన్న మొదటి రాడ్ పూర్తి గ్రాఫైట్. 80 డాలర్లు, ఈకంత తేలిక. రెండో ఆదివారం ఒక క్యాట్‌ఫిష్ పడింది, మన జెల్ల లాంటిదే, రెండు కిలోలు ఉంటుందేమో. పాత అలవాటుకొద్దీ ఎత్తి గుంజాను. టప్ మని కొనకు అడుగు దూరంలో విరిగింది. చేప పాయె, రాడ్ పాయె. పక్కన కూర్చున్న పెద్దాయన నవ్వలేదు, అదే ఇంకా బాధ.

అందుకే నీకు గ్రాఫైట్ వద్దంటాను. గ్రాఫైట్ అంటే కార్బన్ ఫైబరే. చేప ముట్టుకున్నా చేతికి తెలుస్తుంది గానీ, ఏ రాయికో కారు డోర్‌కో తగిలి చిన్న గాటు పడిందంటే ఆ తర్వాత బరువు పడ్డ రోజున అక్కడే విరుగుతుంది. ఫైబర్ గ్లాస్ బరువు, మొద్దు, కానీ మొండి ఘటం. రెండూ కలిపి చేసినవి ఉంటాయి, నీక్కావాల్సింది అదే. షేక్‌స్పియర్ వాళ్ళ అగ్లీ స్టిక్ 1976 నుంచి ఉంది. పేరుకు తగ్గట్టే చూడ్డానికి ఏమంత బాగుండదు. జీఎక్స్2 అనే రకం రీల్‌తో కలిపి 50, 60 డాలర్లకు దొరుకుతుంది. నాది ఎనిమిదేళ్ళుగా కారు డిక్కీలోనే పడి ఉంది. ఇంకో మంచి సంగతి, దారం పోయే రింగులు దానికి ఒకే స్టీలు ముక్కతో చేసి ఉంటాయి. చవక రాడ్లలో రింగు లోపల పింగాణీ గాజు లాంటిది అతికిస్తారు, అది ఊడిపోతుంది, లేదా చిట్లుతుంది. చిట్లిన చోట దారం కోసుకుపోతుంది, నువ్వేమో చేప తెంపుకుపోయిందనుకుంటావు. అంగడిలో ఏ రాడ్ పట్టుకున్నా కొంచెం దూది తీసుకుని రింగుల్లోంచి లాగి చూడు. పోగు చిక్కుకుందంటే అది వద్దు.

పిడికి కొంచెం పైన చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది, చదువుకో. పొడవు 6 అడుగుల 6 అంగుళాలు, మీడియం, దారం 6 నుంచి 15 పౌండ్లు (దారం ఎంత బరువుకు ఆగుతుందో ఆ లెక్క) అని ఉంటే కళ్ళు మూసుకుని తీసుకో. మీడియం అనేది రాడ్ ఎంత బలమో చెప్తుంది. ఫాస్ట్, స్లో అని ఇంకో మాట ఉంటుంది, అది ఎక్కడ వంగుతుందో చెప్తుంది. ఫాస్ట్ అయితే కొన ఒక్కటే వంగుతుంది, స్లో అయితే మన వెదురు లాగా నడుము దాకా వంగుతుంది. మధ్యరకం తీసుకో. రీల్ 2500 లేదా 3000 సైజు స్పిన్నింగ్‌ది, అంటే రాడ్ కింద వేలాడే రకం, 10 పౌండ్ల మోనో దారం, అంటే ఒంటి పోగు నైలాన్. చిన్న చెరువుల్లో చేపలకు ఇంతకంటే ఆలోచించాల్సింది లేదు.

వాడకం ముఖ్యం. చేప పడగానే రాడ్‌ను ఆకాశం వైపు నిటారుగా నిలబెట్టొద్దు, బరువంతా కొన మీద పడుతుంది. రీల్ మీద డ్రాగ్ అని తిప్పేది ఉంటుంది, చేప గట్టిగా లాగితే దారం వదిలేలా పెట్టుకో. అది అలిసిపోయాక గట్టు దాకా తెచ్చి వలబుట్టతో ఎత్తు. గాలం రాళ్ళలో చిక్కుకుంటే రాడ్‌తో గుంజొద్దు. రాడ్‌ను చిక్కిన వైపే తిన్నగా చాపి, దారాన్ని తువ్వాలుకు రెండు చుట్లు చుట్టి, దాంతో లాగు. ఉత్త చేతికి చుట్టావంటే కోసుకుంటుంది. ఉరుము వినిపిస్తే రాడ్ కింద పెట్టి కార్లో కూర్చో. కార్బన్‌లో కరెంటు పారుతుంది.

పుత్తూరు అక్క, ఫ్రిస్కో:

అన్న చెప్పింది నిజమే, ఒక్కటి మాత్రం మరిచిపోయినట్టున్నాడు. మా ఇంట్లో విరిగిన మూడు రాడ్లలో ఒక్కటీ చేప వల్ల విరగలేదు. ఒకటి మా ఆయన కారు డోర్‌లో, ఒకటి గ్యారేజీ తలుపు కింద, ఇంకోటి హాల్లో మా చిన్నోడు ఊపుతుంటే సీలింగ్ ఫ్యాన్‌కు తగిలి. ఎముక విరిగితే మా పుత్తూరు కట్టు ఉంది గానీ రాడ్‌కు ఎవరు కడతారు? కాబట్టి ఒకే ముక్కగా ఉండేది వద్దు తమ్ముడూ, రెండు ముక్కలది తీసుకో. చెరువు దగ్గరే జోడించు, అక్కడే విప్పు. విప్పేటప్పుడు మెలితిప్పకుండా తిన్నగా లాగు.

పిల్లలున్నారా? ఉంటే వాళ్ళకు జెబ్కో 33 కొనివ్వు. బొత్తాం నొక్కి వదలడమే, దారం చిక్కుపడదు. 1954 నుంచి వస్తున్న రకం. మా చిన్నోడు దాంతోనే నాకంటే ఎక్కువ పడుతున్నాడు.

కుప్పం నుంచి, ఆస్టిన్:

ఒక గొట్టంలోకి ఇంకోటి దూర్చి బ్యాగులో పెట్టుకునే టెలిస్కోపిక్ రాడ్లు 20 డాలర్లకే వస్తుంటే ఇంత చర్చ ఎందుకన్నా? ఆఫీసు అయిపోగానే అట్నుంచే పోవచ్చు. నాది మూడేళ్ళుగా ఉంది.

పాకాల అన్న:

నీకు దొరికింది మంచిదేమో కుప్పం తమ్ముడూ. నా దగ్గర రెండు పోయాయి. ఆ గొట్టాల కీళ్ళలోకి ఇసుక దూరిందంటే కొన్నిసార్లు తెరుచుకోదు, కొన్నిసార్లు విసిరేటప్పుడు ముక్క జారి లోపలికి పోతుంది. ప్రయాణాలకు సరే. ఒక్కటే రాడ్ కొనేవాడికి మాత్రం నేను చెప్పను.

పుత్తూరు అక్కకు: కొనలో రెండు మూడు అంగుళాలు విరిగితే కట్టు కట్టొచ్చక్కా! కొన రింగులు విడిగా అమ్ముతారు, రెండు మూడు డాలర్లే. విరిగిన చోట సన్నగా నునుపు చేసి, వేడి జిగురు పెట్టి రింగు తొడిగితే చాలు. కొంచెం పొట్టిదవుతుంది, కొన వంగడం తగ్గుతుంది, అంతే. నడుము విరిగిందంటే మాత్రం మీ ఊరి వాళ్ళ వల్ల కూడా కాదు.

తిరుపతి తమ్ముడు, పది రోజుల తర్వాత:

అన్నా, అక్కా, అగ్లీ స్టిక్ రెండు ముక్కలది కొన్నాను. రీల్, దారం, గాలాలు, వలబుట్ట అన్నీ కలిపి 84 డాలర్లయింది. అంగడిలో దూది పెట్టి రింగులు చూస్తుంటే అక్కడి కుర్రాడు ఏం చేస్తున్నావని అడిగి, తర్వాత తనూ చూశాడు. శనివారం సెడార్ హిల్ పోయాం. మొదటి గంటలో రెండుసార్లు చెయ్యి దానంతట అదే తల మీదకు లేచింది, మా ఆవిడ పట్టుకుని ఆపింది. వానపాములు పెట్టాను, చివరికి ఒక చిన్న క్యాట్‌ఫిష్ పడింది. రెక్కల దగ్గరుండే ముల్లు గుచ్చుకుంది, అచ్చం మన జెల్ల లాగే. అది చిన్నదని వదిలేశాం.

ఇంటికి తెచ్చుకోవాలంటే ఎన్ని తేవచ్చు? పొలుసు లేదు కదా, జిగట ఎట్లా వదిలిస్తారు?

పుత్తూరు అక్క:

చెరువుకో లెక్క ఉంటుంది, గట్టున బోర్డు చూసుకో. ఊళ్ళలోని కమ్యూనిటీ చెరువుల్లో మనిషికి రోజుకు ఐదు క్యాట్‌ఫిష్‌లే, రెండు రాడ్లకు మించి వేయకూడదు. కొన్ని చెరువుల చేపలు తినొద్దని సర్కారు వాళ్ళు ప్రకటించి ఉంటారు, అది కూడా ముందే చూసుకో.

జిగటకు రాళ్ళ ఉప్పు, చింతపండు పిప్పి పెట్టి రుద్దు, రెండుసార్లు కడుగు. చర్మం వలిచేస్తే నీచు ఇంకా తగ్గుతుంది. పులుసులో పుల్ల మామిడికాయ వేయి, ఇక్కడ మెక్సికన్ అంగళ్ళలో దొరుకుతుంది. సంగటికి రాగిపిండి లేకపోతే చెప్పు, నిన్ననే ఊరి నుంచి వచ్చింది. కిటికీలన్నీ తెరిచి వండు, లేకపోతే పక్కింటివాళ్ళు అపార్ట్‌మెంట్ ఆఫీసుకు ఫోన్ చేస్తారు, మాకు చేశారు.