బోల్ట్ వచ్చింది, సెన్సార్ రావట్లేదు: బ్లాక్‌లో ఇరుక్కున్న క్రాంక్ సెన్సార్‌ను తీయడం ఎలా?

ఇంజిన్ వేడెక్కాక కారు ఉన్నట్టుండి ఆగిపోతోంది. బయలుదేరిన 25 నిమిషాలకు ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిపోతుంది, ఇంజిన్ ఆగుతుంది. అరగంట చల్లారనిస్తే మళ్లీ మామూలుగానే స్టార్ట్ అవుతుంది. స్కానర్ పెడితే పీ0335 కోడ్ వచ్చింది, అంటే క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సార్ (క్రాంక్‌షాఫ్ట్ ఏ స్థానంలో ఉందో, ఎంత వేగంగా తిరుగుతోందో ఇంజిన్ కంప్యూటర్‌కు చెప్పేది) సర్క్యూట్‌లో లోపం. వైర్లు, కనెక్టర్ చూశాను, బాగానే ఉన్నాయి. కొత్త సెన్సార్ తెచ్చాను.

అసలు తంటా ఇక్కడే మొదలైంది. సెన్సార్ స్టార్టర్ మోటార్ వెనక, ఇంజిన్ బ్లాక్‌లో ఉంది. పైనుంచి చెయ్యి దూరదు, కిందనుంచి రెండు వేళ్లు మాత్రం ఆనుతాయి. బ్యాటరీ నెగటివ్ తీసేసి, కారును జాక్ స్టాండ్ల మీద నిలబెట్టి, స్టార్టర్ కూడా విప్పాను. 10 ఎంఎం బోల్ట్ తేలిగ్గానే వచ్చింది (విరిగితే అదే విరుగుతుందనుకున్నా!). సెన్సార్ మాత్రం కదలదు. ఓ-రింగ్ (సెన్సార్‌కు ఉండే రబ్బరు సీల్) గట్టిపడి, చుట్టూ తుప్పు పట్టినట్టుంది. తుప్పు వదిలించే స్ప్రే రెండు రాత్రులు కొట్టి ఉంచాను. ప్లయర్‌తో అటూ ఇటూ తిప్పబోతే బోల్ట్ పట్టే చెవితో సహా తల ఊడి చేతికొచ్చింది. మిగతా ప్లాస్టిక్ భాగం బ్లాక్ అంచుకు సమానంగా లోపలే ఉండిపోయింది.

మధ్యలో స్క్రూ దింపి లాగుదామంటే, ముక్క లోపలికి జారి, సెన్సార్ ఎదురుగా తిరిగే పళ్ల చక్రానికి తగులుతుందేమోనని టెన్షన్. డ్రిల్ పెట్టే ధైర్యం అసలే లేదు.

ఇలా విరిగిన సెన్సార్‌ను, ముక్కలు లోపల పడకుండా, ఇంట్లోనే బయటికి తీసినవాళ్లు ఏ పద్ధతి వాడారు?