పక్కనున్న మంచి పళ్లను చెక్కించుకుని బ్రిడ్జి పెట్టించుకోవాలా, ఇంప్లాంట్‌కే వెళ్లాలా?

నీలిమేఘం:
నాకు 46 ఏళ్లు. కింది దవడలో కుడివైపు మొదటి దవడ పన్ను నిలువునా చీలిపోయిందని నాలుగు నెలల కిందట తీసేశారు. అప్పటి నుంచి ఆ ఖాళీ అలాగే ఉంది. ఒక డాక్టర్ ఇంప్లాంట్ (దవడ ఎముకలో స్క్రూ వేసి దాని మీద పన్ను కట్టడం) తప్ప వేరే ఆలోచన వద్దంటున్నారు, ఇంకొకరు అదే ఎక్స్‌రే చూసి "అంత దూరం ఎందుకు, మూడు పళ్ల బ్రిడ్జి పెట్టేస్తే రెండు వారాల్లో అయిపోతుంది" అన్నారు, అంటే పక్క పళ్లు రెండింటినీ చెక్కి క్యాపులు వేసి, మధ్యలో పెట్టుడు పన్నును వాటికి కలిపి నిలబెట్టడం. ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్లు రెండూ గట్టిగా ఉన్నాయి, ఫిల్లింగ్ కూడా లేదు. సర్జరీ అంటే నాకు చాలా భయం. అలాగని బాగున్న పళ్లను చెక్కించుకోవడానికీ మనసు ఒప్పుకోవడం లేదు. రెండూ చూసినవాళ్లు ఎవరైనా ఉంటే, మీ నోట్లో ఏం జరిగిందో చెప్పండి.

రాత్రిపాఠకుడు:
నేనైతే బ్రిడ్జి అనే చెప్తానండి. నాకు పై దవడలో ఎడమవైపు బ్రిడ్జి పెట్టి 14 ఏళ్లు అయింది, ఇవాళ్టి వరకూ కదల్లేదు, నొప్పి లేదు. మూడు సిట్టింగుల్లో పని అయిపోయింది. మా తమ్ముడు ఇంప్లాంట్ అన్నాడు, ఎముక చాలలేదని ముందు గ్రాఫ్టింగ్ (అక్కడ ఎముక నింపడం) చేశారు, అది కుదురుకోవడానికి కొన్ని నెలలు, తర్వాత స్క్రూ వేసి మళ్లీ కొన్ని నెలలు, మొత్తమ్మీద ఏడాదికి పైగా ఆ పక్క నమలలేకపోయాడు. ఖర్చు కూడా బ్రిడ్జి కంటే బాగా ఎక్కువే అయింది. ఇంప్లాంట్ కొత్తగా వచ్చింది కాబట్టి అందరూ దాని వెంటే పడుతున్నారని నా అభిప్రాయం.

మల్లెతీగ:
కొత్తగా వచ్చిందనడం సరికాదండీ. 1950లలో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే ఆయన కుందేళ్ల ఎముకలో టైటానియం పరికరం పెట్టి, పరిశోధన అయ్యాక తీయబోతే అది ఎముకకు అతుక్కుపోయి రాలేదు. దాని మీదే పనిచేసి 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో ఇంప్లాంట్లు పెట్టారు, ఆ మనిషి 2006లో చనిపోయేదాకా వాటితోనే తిన్నాడు. అంటే నలభై ఏళ్ల పైమాటే.

నీలిమేఘం గారూ, నేను రెండూ వేయించుకున్నాను. 28 ఏళ్లప్పుడు నాదీ అచ్చం మీ పరిస్థితే, ఒక్క దవడ పన్ను పోయింది, పక్కవి రెండూ శుభ్రంగా ఉన్నాయి. త్వరగా అయిపోతుందన్నారని బ్రిడ్జికి ఒప్పుకున్నాను. క్యాప్ కూర్చోవడానికి పన్నును చుట్టూ చెక్కుతారు కదా, అలా చెక్కితే చిగురు పైన కనిపించే భాగంలో సగానికి పైగానే పోతుంది, ఆ పోయిన ఎనామిల్ మళ్లీ పుట్టదు. అద్దంలో ఆ రెండు పళ్లూ మొనదేలిన పుల్లల్లా కనిపించినప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఆ మాట అప్పుడు ఎవరితోనూ అనలేదు. ఐదారేళ్లకు అందులో ఒకదాని లోపలి నరం చచ్చిపోయింది, క్యాప్‌కే రంధ్రం పెట్టి రూట్ కెనాల్ చేశారు. నరం లేని పన్ను కాబట్టి తర్వాత క్యాప్ అంచు కింద పుచ్చు మొదలైనా నొప్పి తెలియలేదు. పదకొండో ఏట ఏదో తింటుంటే బ్రిడ్జి ఊడి చేతిలోకి వచ్చింది, దాంతో పాటు ఆ పన్ను తల కూడా విరిగి వచ్చేసింది. ఒక పన్ను ఖాళీకి మొదలైన వైద్యం రెండు పళ్ల ఖాళీతో ముగిసింది. ఇప్పుడు అక్కడ రెండు ఇంప్లాంట్లు ఉన్నాయి, ఎనిమిదేళ్లు అవుతోంది.

అందుకే అందరినీ నేను మొదట అడిగేది పక్క పళ్లు ఎలా ఉన్నాయని. రాత్రిపాఠకుడు గారూ, మీ బ్రిడ్జికి ఆధారంగా ఉన్న పళ్లు అంతకుముందు ఎలా ఉండేవో చెప్తారా?

రాత్రిపాఠకుడు:
రెండింటికీ అప్పటికే రూట్ కెనాల్ అయింది. ఒకదానికి క్యాప్ కూడా ఉంది.

మల్లెతీగ:
మరి మీ విషయంలో బ్రిడ్జే సరైనది. ఎలాగూ క్యాప్ పడాల్సిన పళ్లు, వాటి మీదే మూడోదాన్ని నిలబెట్టారు, కొత్తగా పోగొట్టుకున్నది పెద్దగా లేదు. నీలిమేఘం గారి పళ్లు ఎవరూ ముట్టుకోనివి. ఈ రెండు కేసులూ ఒకటి కావు.

రెండోమాట:
పక్క పళ్ల సంగతి ఒప్పుకుంటాను కానీ ఇంప్లాంట్ గురించి మీరు చెప్పింది సగమే. మా నాన్నగారి నోట్లో మూడు వేస్తే ఒకటి ఆరో ఏడాది తీసేయాల్సి వచ్చింది. ఇంప్లాంట్‌కు పుచ్చు పట్టదు, నిజమే, కానీ చుట్టూ చిగురుకు ఇన్ఫెక్షన్ వస్తే కింద ఎముక కరగడం మొదలవుతుంది, పెరిఇంప్లాంటైటిస్ అంటారు, నొప్పి లేకుండానే చాలా దూరం వెళ్తుంది. ఆయనకు షుగర్ ఉంది, కంట్రోల్‌లో లేదు, సిగరెట్ మానలేదు. వేసేముందు ఎవరూ ఆ రెండింటి గురించి గట్టిగా అడగలేదు, నాకు ఇప్పటికీ బాధ అక్కడే.

పదేళ్లకు నూటికి సుమారు 95 ఇంప్లాంట్లు, 90 దాకా బ్రిడ్జిలు నిలుస్తాయని చెప్తారు. నిలవడం వేరు, ఇబ్బంది లేకుండా ఉండడం వేరు. ఇంప్లాంట్లు ఉన్నవాళ్లలో ఐదుగురిలో ఒకరికి ఆ ఎముక కరిగే జబ్బు ఏదో ఒక స్థాయిలో వస్తుందనేది పరిశోధనల అంచనా. ముందే చిగుళ్ల జబ్బుతో పళ్లు పోగొట్టుకున్నవాళ్లకు, పొగ తాగేవాళ్లకు ఇంకా ఎక్కువ. ఎముకలు గుల్లబారకుండా జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ లాంటి ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లయితే ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పి తీరాలి, దవడ ఎముక గాయం మానకుండా పోయే ప్రమాదం ఉంది. ఇంకోటి, అసలు పన్ను వేరుకూ ఎముకకూ మధ్య పలచని పొర ఒకటి ఉంటుంది, కొంచెం గట్టిగా కొరికితే చాలు మనకు తెలిసిపోయేది దానివల్లే. స్క్రూకు ఆ పొర లేదు. నిద్రలో పళ్లు నూరే అలవాటు ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

తూర్పుగాలి:
ఆ ఖాళీ అలాగే వదిలేస్తే ఏమవుతుంది? మా ఇంట్లో అందరూ వదిలేశారు.

మల్లెతీగ:
ఏ పన్ను అన్నదాన్ని బట్టి. జ్ఞానదంతం కాకుండా అన్నిటికన్నా వెనకున్న రెండో దవడ పన్ను పోతే చాలామందికి డాక్టర్లే వదిలేయమంటారు, నమలడానికి మిగతావి సరిపోతాయి. మొదటి దవడ పన్ను అలా కాదు, నమలడంలో ఎక్కువ బరువు దాని మీదే పడుతుంది, పైగా వెనక పన్ను ఖాళీలోకి ఒరుగుతుంది, ఎదురుగా ఉన్న పై పన్ను కిందికి దిగుతుంది. కొన్నేళ్ల తర్వాత మనసు మార్చుకుందామన్నా చోటు ఉండదు.

రెండోమాట గారూ, మీరు రాసింది ఒక్కటీ కాదనను, మీ నాన్నగారి విషయం చదివి బాధ కలిగింది. అయితే అందులో ఎక్కువ భాగం ముందే అడిగి తెలుసుకోగల విషయాలు. షుగర్ మూడు నెలల సగటు చూడొచ్చు, పొగ మానొచ్చు, చిగుళ్లకు ముందు వైద్యం చేయించుకోవచ్చు. మంచి పన్నును ఒకసారి చెక్కాక మాత్రం వెనక్కి తీసుకోలేం. నేను ఇంప్లాంట్ వైపు మొగ్గేది ఈ ఒక్క కారణంతోనే, అది శాశ్వతమనే భ్రమతో కాదు. నాకు ఇప్పటికీ ఆరు నెలలకోసారి గార తీయించుకోవాలి, రోజూ రాత్రి సందుల్లో సన్న బ్రష్ పెట్టాలి. ఆ మాటకొస్తే బ్రిడ్జికీ అంతే, మధ్య పన్ను కింద దారం దూర్చి తుడవాలి, ఆ సంగతి నాకు మొదటి ఆరేళ్లు ఎవరూ చెప్పలేదు.

తూర్పుగాలి:
మా అమ్మాయికి 16, కిందపడి ముందు పన్ను పోయింది. ఇంప్లాంట్ ఇప్పుడే వద్దన్నారు, ఎందుకో అర్థం కాలేదు.

రెండోమాట:
సరిగ్గానే చెప్పారండీ. దవడ ఇంకా పెరుగుతుంటే పక్క పళ్లు దాంతో పాటు కదులుతాయి, స్క్రూ ఉన్నచోటే ఉంటుంది, కొన్నేళ్లకు ఆ ఒక్క పన్ను పొట్టిగా పైకి ఉండిపోయినట్టు కనిపిస్తుంది. మేరీల్యాండ్ బ్రిడ్జి గురించి అడగండి, పక్క పన్ను వెనక వైపు సన్నని రెక్క ఒకటి అతికిస్తారు, చెక్కడం చాలా తక్కువ లేదా అసలు ఉండదు. ముందు పళ్లకు బాగా పనికొస్తుంది. ఒకవేళ ఊడినా మళ్లీ అతికించుకోవచ్చు.

రాత్రిపాఠకుడు:
నేను మొదట రాసినదాంట్లో మార్పు. పక్క పళ్లకు అప్పటికే క్యాపులో పెద్ద ఫిల్లింగులో ఉంటే బ్రిడ్జి, ఇప్పటికీ అదే అంటాను. ముట్టుకోని పళ్లయితే చెక్కించుకోమని నీలిమేఘం గారికి నేను చెప్పను. కానీ అమ్మా, ఒక మాట. పన్ను తీసిన మొదటి ఏడాదిలో అక్కడి ఎముక వెడల్పు దాదాపు సగం దాకా తగ్గిపోతుందట, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. మా తమ్ముడు రెండేళ్లు నాన్చాడు, గ్రాఫ్టింగ్ అందుకే పడిందని తర్వాత డాక్టర్ చెప్పారు. ఏదైనా సరే, ఆలస్యం చేయకండి.

మల్లెతీగ:
కింది దవడ కాబట్టి సీబీసీటీ స్కాన్ (దవడను మూడు కోణాల్లో చూపించే 3D ఎక్స్‌రే) లేకుండా మాత్రం కుర్చీలో కూర్చోకండి. దవడ లోపల నరం వెళ్లే కాలువ ఉంటుంది, స్క్రూ దానికి తగిలితే పెదవి, గడ్డం మొద్దుబారిపోవచ్చు. ఎముక ఎత్తెంత, వెడల్పెంత, నరం ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉంది, ఈ మూడూ అడిగి రాయించుకోండి. సర్జరీ భయం గురించి: నాకు పన్ను పీకినప్పటి నొప్పి కంటే స్క్రూ వేసినప్పటిది తక్కువే. మత్తు ఇంజెక్షన్ వల్ల నొప్పి తెలియలేదు, ఎముకలో అదురు మాత్రం తెలిసింది, రెండు రోజులు బుగ్గ వాచింది.

నీలిమేఘం:
అందరికీ థాంక్స్. ఒంటరిగా టెన్షన్ పడుతున్నదాన్ని, ఇప్పుడు డాక్టర్‌ను ఏమడగాలో తెలిసింది. బ్రిడ్జి ఆలోచన మానేశాను. రెండోమాట గారూ, మీ నాన్నగారి విషయం చదివాకే షుగర్ టెస్టుకు ఇచ్చాను, మా అమ్మకు ఉంది, నేను ఎప్పుడూ చూపించుకోలేదు. స్కాన్ ఎల్లుండి. నరం ఎంత దూరంలో ఉందో వచ్చి రాస్తాను.